జిర్కాటాంగ్ గేటు

విదేశాలలో ఉద్యోగాలు చేసే బంధుమిత్రులు సెలవుపై వచ్చినప్పుడు చెప్పే కబుర్లలో డ్రైవింగు లైసెన్సు ప్రస్తావన రాకుండా ఉండదు. అమెరికా వెళ్ళినవారు రోడ్డుకు కుడివైపున బండి నడపడానికి పడిన అవస్థలు చెబుతారు. ఇక్కడ పదేళ్ళు కారు నడిపిన మా బావమరిది గల్ఫ్ వెళ్ళి, మళ్ళీ డ్రైవింగు బడిలో చేరి, రెండుసార్లు పరీక్ష తప్పి, మూడవసారికి గట్టెక్కాడు. మన రవాణా కార్యాలయం వారు ఇచ్చే అంతర్జాతీయ అనుమతి పత్రం 1949 నాటి జెనీవా ఒప్పందాన్ని అనుసరించినది. దాని ఆయుస్సు ఒక్క సంవత్సరం. చుట్టపుచూపుగా వెళ్ళినవారికి అది చాలునేమో గాని, కాపురం పెట్టినవారికి చాలదు.

2015 జూన్‌లో మాకు పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీ ఉత్తర్వులు అందినప్పుడు ఇటువంటి చిక్కులేవీ లేవని సంతోషించాము. సముద్రం దాటి సుమారు 1,200 కిలోమీటర్లు పోయినా అది మన దేశమే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో పొందిన లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది. కనుక విశాఖపట్నంలో పుచ్చుకున్న లైసెన్సును జేబులో పెట్టుకొని నిశ్చింతగా బయలుదేరాము. చిక్కంతా మా కారుతో వచ్చింది. పన్నెండు నెలలకు మించి మరొక చోట ఉంచదలచిన వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు ఇక్కడి రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం కావాలి. అది చేతికి రావడానికి పట్టిన కాలంలో మేము సంసారమంతా మూటగట్టుకున్నాము. చెన్నై రేవులో పెట్రోలు ట్యాంకు దాదాపు ఖాళీ చేయించి, సరకుల ఓడలో కారును ఎక్కించి, కన్నపిల్లను పరాయి ఊరి హాస్టలులో దింపినవారి వలె వెనుదిరిగాము. ఏడాది తిరిగేలోగా మా ‘ఏపీ 31’ కాస్తా ‘ఏఎన్ 01’ అయింది.

పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు గాని, మా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. ఎత్తుపల్లాల వీధులు, మలుపు తిరగగానే సముద్రం. శీతకాలంలో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది కనుక ఆఫీసు నుండి ఇంటికి దీపాలు వేసుకొనే రావాలి. రైలు అన్న మాటే లేని ద్వీపాలు కావడం వలన ఓడైనా ఎక్కాలి, రోడ్డైనా పట్టాలి. పరాయి చోటికి వచ్చామన్న బెంగ మాత్రం వారం రోజులలోనే తీరిపోయింది. 2011 జనగణన ప్రకారం అక్కడ నూటికి పదముగ్గురికి పైగా తెలుగువారే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి తరాల క్రితం వలస వచ్చినవారు ఎందరో. చేపల బజారులో మా శ్రీమతి హిందీలో బేరమాడబోతే, ఆ అమ్మి ‘ఏటమ్మా, తెనుగోలు కారేటి?’ అని నవ్విందట.

ఇక రోడ్డు సంగతి. దక్షిణాన పోర్ట్ బ్లెయిర్ నుండి ఉత్తరాన డిగ్లీపూర్ వరకు పోయేది అండమాన్ ట్రంక్ రోడ్డు. మా సంస్థ పనులు రంగత్ ప్రాంతంలో ఉండడం వలన నెలకొకసారి ఆ దారిన పోవలసి వచ్చేది. ఊరు విడిచి సుమారు 40 కిలోమీటర్లు పోయాక జిర్కాటాంగ్ వద్ద గేటు అడ్డం వస్తుంది. అవతల ఉన్నది జరవాల అభయారణ్యం. మొదటి కాన్వాయ్ అందుకోవాలంటే తెల్లవారుజామున మూడున్నరకే ఇల్లు కదలాలి. అక్కడ వాహనం నంబరు, నడిపేవారి పేరు, లైసెన్సు, వెంట ఉన్నవారి వివరాలు కాగితంపై రాసి ఇచ్చి, గేటు ఎత్తేవరకు టీ తాగుతూ వరుసలో నిలబడాలి. దేశమంతటా చెల్లే మా లైసెన్సుకు అక్కడ, ఏదో పరదేశపు సరిహద్దులో వలె, మరొక అనుమతి అవసరమయింది.

గేటు దాటితే మిడిల్ స్ట్రెయిట్ రేవు వరకు సుమారు 49 కిలోమీటర్లు అడవే. ముందు పోలీసులు, వెనుక పోలీసులు. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ముందున్న బండిని దాటరాదు, ఆగరాదు, ఫోటోలు తీయరాదు, జరవాలకు ఏమీ ఇవ్వరాదు. ఈ రోడ్డు వేసే రోజులలో జరవాల బాణాలకు పనివారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రోడ్డు పూర్తయ్యాక కూడా పోలీసుల కాపలా ప్రయాణికుల కోసమే. 1996లో కాలు విరిగిన ఒక జరవా యువకునికి పోర్ట్ బ్లెయిర్‌లో వైద్యం చేసి పంపారు. మరుసటి ఏడాది నుండి వారు ఆయుధాలు లేకుండా ఊళ్ళలోకి రాసాగారు. 1999లో వారికి తట్టు సోకింది. నాటి కాపలాయే నేడు మన నుండి వారిని కాపాడడానికి నడుస్తున్నది.

2016 ఫిబ్రవరిలో ఒక ఉదయం, ఒక మలుపులో ఇద్దరు స్త్రీలు, ఆరేడేళ్ళ పిల్లవాడు దారి పక్కన నిలబడి కనిపించారు. మేము అద్దాలు పైకి ఎత్తుకొని ఉన్నాము. మా ముందున్న బండి కిటికీలో నుండి ఒక చేయి బయటకు వచ్చి బిస్కెట్ల పొట్లం విసిరింది. ఆ బండిని రేవు వద్ద పోలీసులు పక్కకు పెట్టించారు, అది వేరే మాట. మమ్మల్ని కలవరపెట్టింది ఆ పిల్లవాని చేయి. అది సరిగ్గా కారు అద్దం ఎత్తున చాచి ఉంది. ఎన్ని బండ్లు పోతే ఆ చేతికి ఆ కొలత తెలిసి ఉంటుంది! 2011 జనగణనలో ఆ జాతి మొత్తం 380 మంది. మా వెనుకా ముందూ ఆ పూట కాన్వాయ్‌లో అంతకంటే ఎక్కువ మందే ఉండి ఉంటారు.

మిడిల్ స్ట్రెయిట్ వద్ద గోదావరి మీది పంటు వంటి పడవపై బండ్లను బారాటాంగ్‌కు దాటిస్తారు. పడవ మీద మాకు పరిచయమైన ఒక వ్యాన్ యజమాని ఉండేవాడు. తండ్రి సోంపేట వైపు నుండి వచ్చాడు, ఇతడు పుట్టింది రంగత్‌లో. ఆ రోజు మేము మనసు పట్టలేక, ఈ రోడ్డు మూసివేయడమే న్యాయం అన్నాము. 2002 మే 7న సుప్రీంకోర్టు అభయారణ్యంలోని భాగాన్ని మూయమని ఆదేశించిన సంగతి కూడా గుర్తు చేశాము. అతనికి మాకంటే బాగా తెలుసు.

‘బాబూ, మీరు మూడేళ్ళుండి ఎల్లిపోతారు. ఆ తీర్పొచ్చిన ఏడే, వానాకాలంలో, మా ఆడదానికి పురుడు అడ్డం తిరిగింది. దాన్ని మద్దేన్నం కానవాయిలో ఏసి పోర్టు బ్లేరు తోలాను. ఈ రోడ్డే నేకపోతే రెండు పేనాలు పోవును,’ అన్నాడు. ఆ పుట్టినవాడు అప్పటికి తొమ్మిదవ తరగతి. ఓడ ఉన్నది కదా అన్నాము. ‘పురుటి నొప్పులు ఓడ టయానికి వస్తాయేటి బాబూ?’ అన్నాడు.

మా వద్ద జవాబు లేకపోయింది. అయినా మా అభిప్రాయం మారలేదు. అతని కష్టం నిజం. ఉత్తర, మధ్య అండమాన్‌ల ప్రజలకు ఓడలు, ఆసుపత్రులు కావలసినన్ని సమకూర్చి ఉంటే అడవి మధ్య నుండి రోడ్డు వేయవలసిన పని లేదని మేము ఇప్పటికీ అనుకుంటాము. వచ్చి పోయే మావంటివారు చెబితే అది తేలిక మాటే అని అతను అనుకుంటాడు. ఇద్దరం కలిసి ఎన్నోసార్లు ఆ రేవు దాటాము, ప్రతిసారీ ఈ తగవు వేసుకున్నాము, ప్రతిసారీ టీ డబ్బులు అతనే ఇచ్చాడు. రోడ్డు వేసినప్పుడు గాని, ఇప్పుడు గాని, అడవిలోని వారిని అడిగినవారు మాత్రం లేరు.

2018లో తిరిగి విశాఖ వచ్చాము. మా కారు నంబరు చూసి మద్దిలపాలెం కూడలిలో ఒక కానిస్టేబుల్ ‘ఏఎన్ అంటే అరుణాచలమా అండీ?’ అని అడిగాడు. మళ్ళీ నిరభ్యంతర పత్రం, మళ్ళీ కొత్త నంబరు. ఆ మధ్య వ్యాన్ యజమాని ఫోను చేశాడు. బారాటాంగ్ దాటాక రెండవ పడవ ఎక్కవలసిన హంఫ్రీ జలసంధిపై వంతెన వచ్చిందట, జిర్కాటాంగ్ గేటు మాత్రం ఉన్నదట. కొడుకుకు లైసెన్సు వచ్చిందని, మొదటిసారి రంగత్ నుండి పోర్ట్ బ్లెయిర్ వరకు వాడే వ్యాన్ నడిపాడని, తాను పక్క సీటులో కూర్చొని వేగం నలభై దాటకుండా చూశానని చెప్పాడు.