గాలి ఒక్కటే పైకి లేపదు

ఇంజను లేని విమానం గంటల తరబడి ఆకాశంలో ఉంటుందని చెబితే మా ఊళ్ళల్లో ఇప్పటికీ నవ్వుతారు. "ఇంజను లేకుంటే ఎట్ల లేస్తదిరా?" అంటారు. మేము మాత్రం నమ్ముతాం. ఈ హాస్టల్లో ఉన్నన్ని రోజులూ వెనక గుట్ట మీద గద్దలు రెక్కలు ఆడించకుండా గాలిలో నిలబడడం చూశాం. అవి ఎట్లా నిలబడతాయో మాత్రం ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరాకే తెలిసింది. ఇరవై మూడేళ్ళు వచ్చిన మా బ్యాచ్‌లో చాలామంది ఇళ్ళకు డిగ్రీ పట్టా రావడం ఇదే మొదటిసారి. అందుకే ఈ గ్లైడర్ సంగతి మాకు పాఠంలా కాక సొంత విషయంలా అనిపించింది. తమ్ముళ్ళతో పంచుకుందామని రాస్తున్నాం.

గ్లైడర్ ఎప్పుడూ కిందికే జారుతుంది. ముందుకు పోతూ పోతూ మెల్లగా దిగుతుంది. దాని స్వభావమే అంత. కానీ గాలి వీస్తూ వచ్చి కొండకు తగిలినప్పుడు ముందుకు పోయే దారి లేక వాలు వెంట పైకి ఎక్కుతుంది. గ్లైడర్ సెకనుకు ఒక మీటరు దిగుతుంటే, ఆ గాలి సెకనుకు రెండు మీటర్లు లేస్తుంటే, మొత్తం మీద గ్లైడర్ ఒక మీటరు పైకి పోయినట్టే. అందుకని పైలట్ కొండ వరుస వెంట అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడు. మలుపు తిప్పిన ప్రతిసారీ కొండకు ఎదురుగా కాక, బయటి వైపుకే తిప్పాలి. పొరపాటున కొండ దాటి వెనక వైపుకు పోతే అక్కడ గాలి కిందికి దిగుతుంది, గ్లైడర్‌నీ కిందికి తోస్తుంది. గాలి దిక్కు మారినా అంతే. అప్పటిదాకా మోసిన కొండే ఇక మోయదు.

ఈ విద్యను బాగా నేర్చినవాళ్ళలో ముందు వరుసలో ఉన్నది విద్యార్థులే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయిన జర్మనీ మీద 1919 వెర్సాయ్ ఒప్పందం ఆంక్షలు పెట్టింది. ఇంజను విమానాలు కట్టే దారి మూసుకుపోయింది. 1920 నుంచి యువకులు, ఇంజనీరింగ్ విద్యార్థులు రోన్ కొండల్లో 950 మీటర్ల ఎత్తున్న వాసర్‌కుప్పె మీద చేరి గ్లైడర్లు ఎగరేయడం మొదలుపెట్టారు. గ్లైడర్ ముక్కుకు రబ్బరు తాడు తగిలించి, రెండు జట్లు దాన్ని సాగదీస్తూ వాలు మీద కిందికి పరుగెత్తేవి. 1922 ఆగస్టులో హానోవర్ విద్యార్థి బృందం వాళ్ళ 'వాంపిర్' గ్లైడర్‌లో ఆర్థర్ మార్టెన్స్ గంటకు పైగా గాలిలో ఉన్నాడు. అదే నెలలో హెంట్‌జెన్ మూడు గంటలు దాటించాడు.

1926 ఆగస్టులో అదే కొండ దగ్గర మాక్స్ కెగెల్ అనే పైలట్ ఎగిరాడు. ఉరుముల మేఘం ఒకటి వచ్చి అతన్ని లోపలికి లాగేసుకుంది. మేఘం లోపల కొండా కనిపించదు, నేలా కనిపించదు. ఏది పైనో ఏది కిందో చెప్పే పరికరాలు ఆ రోజుల్లో గ్లైడర్లకు లేవు. చెక్క, గుడ్డతో చేసిన రెక్కలు ఎప్పుడు విరుగుతాయో తెలియదు. చివరికి ఆ మేఘం నుంచి బయటపడి, బయలుదేరిన చోటికి సుమారు 55 కిలోమీటర్ల దూరాన క్షేమంగా దిగాడు. జనం అతనికి 'ఉరుముల మాక్స్' అని పేరు పెట్టారు.

ఈ కథ ఇక్కడితో ఆపితే చప్పట్లు పడతాయి. మన వార్షికోత్సవాల్లో అతిథులు చెప్పేదీ ఇట్లాంటిదే. "కష్టాలే మిమ్మల్ని ఇంత ఎత్తుకు తెచ్చాయి" అంటారు. వాళ్ళు మంచి మనసుతోనే అంటారు, కానీ మాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. తరువాతి ఏళ్ళలో అట్లాంటి మేఘాల్లోకి పోయిన పైలట్లలో కొందరు ప్రాణాలతో తిరిగి రాలేదు. వాళ్ళకు ముద్దు పేర్లు లేవు. మాతో పాటు ట్రంకు పెట్టె, పళ్ళెం, గ్లాసు పట్టుకుని వచ్చినవాళ్ళలో కొందరు ఈ రోజు పట్నంలో సెంట్రింగు పనిలో ఉన్నారు. లెక్కల్లో మా కంటే చురుకైనవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. కష్టమే మనిషిని లేపేదైతే వాళ్ళు మా కంటే పైన ఉండాలి కదా?

చదును నేల మీద ఎంత గాలి వీచినా దుమ్మే లేస్తుంది. గాలిని పైకి తిప్పడానికి కొండ కావాలి. మాకు కొండ ఈ హాస్టలే. పొద్దున ఉప్మా, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి పదింటిదాకా వెలిగే లైటు. 1924లో అంబేద్కర్ స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ తొలి పనుల్లో షోలాపూర్‌లో విద్యార్థులకు హాస్టల్ నడపడం ఒకటి. ఆ పెద్దాయనకు ఈ లెక్క అప్పుడే తెలుసు.

ఇంకో సంగతి. కొండ వరుసలో మధ్యమధ్య ఖాళీలు వస్తాయి. ఆ ఖాళీలో లేచే గాలి ఉండదు. పైలట్ ముందే కావలసినంత ఎత్తు సంపాదించుకుని, అవతలి కొండ అందుతుందని లెక్క చూసుకుని గాని ఈ కొండను వదలడు. అందకపోతే దిగడానికి కింద ఒక పొలాన్ని కూడా చూసి పెట్టుకుంటాడు. మాలో చదువు మానేసినవాళ్ళు ఎక్కువమంది పదో తరగతి తప్పినవాళ్ళు కారు. పాసయ్యి, ఈ హాస్టల్ వదిలి, కాలేజీ హాస్టల్లో సీటు దొరికే లోపల ఉండే రెండు మూడు నెలల్లో మానేసినవాళ్ళు. ఎండాకాలం నాలుగు రూపాయలు వస్తాయని పనికి పోయారు. ఇంట్లో అప్పు చూసి అక్కడే ఉండిపోయారు.

అందుకని తమ్ముళ్ళూ, పరీక్షలు కాకముందే కులం, ఆదాయం సర్టిఫికెట్లు తీసి పెట్టుకోండి. ఫలితాలు రాగానే టీసీ, మెమో తీసుకోండి. ఏ కాలేజీ, ఏ హాస్టల్ అన్నది వేసవిలోనే తేల్చుకోండి. పనికి పోవలసి వస్తే పోండి, సిగ్గు లేదు. తిరిగి వచ్చే తారీఖు మాత్రం ఇంట్లో చెప్పి పోండి.

పాత విద్యార్థులకు కూడా ఒక మనవి. గ్లైడర్ తనంతట తాను లేవదు, రబ్బరు తాడు పట్టుకుని పరుగెత్తేవాళ్ళు ఉండాలి. ఈసారి పదో తరగతి పాసయ్యే పిల్లల పేర్లు, ఊళ్ళు మా బ్యాచ్ రాసుకుంటుంది. ఒక్కొక్కరం నలుగురి బాధ్యత తీసుకుని, జూన్‌లో వాళ్ళ ఇళ్ళకు పోయి కలుస్తాం. మాతో వచ్చేవాళ్ళు ఈ సభ ముగిసేలోపు పేరు ఇవ్వండి.