యుద్ధక్రీడలు - చరిత్రసత్యము

ఇంటింట కంప్యూటరు వెలసిన పిమ్మట యుద్ధమును క్రీడగా ఆడుకొనుట మన యువకులకు నిత్యకృత్యమైనది. ఈ క్రీడలలో రెండు తెగలు కలవు. తుపాకి పట్టి కనబడినవారినెల్ల కాల్చుచు పోవునవి యొక తెగ. దళములను నడపుచు, గుట్టలను, వంతెనలను, రేవులను పట్టుకొనుచు, సేనానివలె ఆలోచింపవలసినవి రెండవ తెగ. మేమిచట ముచ్చటించునవి రెండవ తెగకు చెందిన క్రీడలు. ఇవి వట్టి యాటలు కావనియు, చరిత్రను ఉన్నదున్నట్లు చూపునవనియు వీనిని నిర్మించువారును, ఆడువారును చెప్పుకొందురు. ఆ మాట యెంతవఱకు నిజమో విచారింపవలసిన బాధ్యత విశాఖపట్టణవాసులకు మిక్కిలిగా గలదు. తూర్పు నౌకాదళమునకు ముఖ్యస్థానమైన ఈ యూర నావికుని కుటుంబము లేని వీధి యరుదు. ఇచటి బాలురు కొందఱు రేపు నిజమైన యోడల నెక్కువారు. తక్కినవారు యుద్ధము వలయునా, వలదా యని తీర్పు చెప్పు పౌరులు. యుద్ధమన నేమో వారు మొదట నేర్చుకొనునది ఈ యాటలవలననే యైనపుడు, ఆ పాఠము సరియైనదా యని యడుగకుండుట తగదు.

మా పరిచయస్థులగు యువకులు కొందఱు ఈ విషయమున ప్రొద్దుపోవువఱకు వాదించుకొనుట మేము పలుమారు వింటిమి. జర్మనుల టైగరు టాంకునకు ముందుభాగపు టుక్కు 100 మిల్లీమీటర్ల మందము గదా, దానిని ఈ యాటలో అంత చిన్న ఫిరంగి యెట్లు భేదించినదని యొకడు పూర్వపక్షము చేయును. మఱియొకడు గుండు బరువును, వేగమును లెక్కగట్టి సమాధానము చెప్పును. ఉక్కు కర్మాగారము గల యూర ఉక్కు మందమును గూర్చి తగవులాడుట వింత కాదు. వారి శ్రద్ధ మెచ్చదగినదే. కాని కొలతలు సరిపోయినంతమాత్రమున చరిత్ర సరిపోయినదనుట, తూకము సరిపోయినది గనుక వంట కుదిరినదనుట వంటిది.

దీనికి నిదర్శనము కొఱకు పరదేశములకు పోనక్కఱలేదు. క్రీ.శ. 1804 సెప్టెంబరు 15వ తేదీన మన రేవు ముంగిటనే యొక నౌకాయుద్ధము జరిగినది. ఆంగ్లేయుల 50 ఫిరంగుల యోడ సెంచూరియన్, రెండు వర్తకపుటోడలకు కావలిగా ఇచట లంగరు వైచియుండెను. దాని కప్తాను ఆ సమయమున ఓడలో లేడు, గట్టుపై నుండెను. ఫ్రెంచి నౌకాధిపతి లిన్వా 74 ఫిరంగుల మారెంగోతోడను, మఱి రెండు ఫ్రిగేటులతోడను వచ్చి మీదబడెను. బలాబలములు మాత్రమే లెక్కించినచో ఫలితమును గూర్చి సందేహమే లేదు. కాని జరిగినది వేఱు. వర్తకపుటోడలలో నొకటి తీరమునకు కొట్టుకొనిపోయి పగిలెను, రెండవది పట్టువడెను. సెంచూరియన్ మాత్రము దెబ్బలు తినియు నిలిచెను. లిన్వా పోరు చాలించి మరలిపోయెను.

ఏల మరలిపోయెను? తీరము దాపున నీటి లోతు తక్కువ. పెద్ద యోడ ముందునకు సాగిన ఇసుకను తాకునేమో తెలియదు. ఓడకు పెద్ద గాయమే తగిలినచో దానిని బాగుచేసికొనుటకు ఎంతో దూరముననున్న మారిషసు దీవికి పోవలసియుండెను. ఆంగ్లేయుల యితర నౌకలు ఎచటనున్నవో, ఎప్పుడు వచ్చి చుట్టుకొనునో తెలియదు. అదే యేట ఫిబ్రవరి నెలలో పులో ఆరా యను దీవికడ, చీనానుండి వచ్చు వర్తకపుటోడలు యుద్ధనౌకల జెండాలెత్తి బెదరింపగా, ఈ లిన్వాయే మోసపోయి వెనుదిరిగియుండెను. అట్టివాడు విశాఖ రేవులో తెలియని సంగతులు ఇన్ని యుండగా జంకుటలో ఆశ్చర్యమేమి?

ఇప్పుడీ యుద్ధమును కంప్యూటరు క్రీడగా మార్చితిమనుకొందము. సముద్రపు లోతు రంగులలో కనబడును. ప్రతి యోడ ప్రక్కను దాని బలము అంకెలలో వ్రాసియుండును. దరిదాపుల వేఱు ఆంగ్లనౌకలు లేవని తెరయే చెప్పును. లిన్వా పక్షమున ఆడు బాలుడు అర్ధగంటలో సెంచూరియనును ముంచి, ఆ నౌకాధిపతి వట్టి పిఱికివాడని నవ్వును. ఫిరంగులన్నియు సరియే, తెరచాపలన్నియు సరియే, చరిత్ర మాత్రము తప్పు. ఆనాటి పోరును నిర్ణయించినది తెలియనితనము. ఆట దానినే తొలగించినది. ఫలితము మారరాదని మేమనుట లేదు. మారుటకు వీలు లేనిచో అది యాటయే కాదు. లిన్వా స్థానమున కూర్చుండువాడు, లిన్వాకు తెలిసినంతయే తెలిసికొని నిర్ణయింపవలెననుటయే మా వాదము.

మన పూర్వులు ఆడిన చదరంగమునను, పల్లెటూళ్ల అరుగులపై గీసికొని మూడు పులులతోడను, పదునైదు మేకలతోడను ఆడిన పులిజూదమునను సర్వమును బల్లమీదనే కనబడును. అవి బుద్ధికి పదునుపెట్టును. చరిత్రను చెప్పుదుమని యవి యెన్నడును పలుకలేదు. సైనికశిక్షణ కొఱకు 1824లో ప్రష్యా దేశపు టధికారి రైస్విట్సు తన యుద్ధక్రీడను సేనానులకు చూపినపుడు, ఈ లోపమును గుర్తించి, ఇరుపక్షములకు నడుమ నొక మధ్యస్థుని నిలిపెను. ఆడువారు తమ యాజ్ఞలను అతనికి వ్రాసి యిత్తురు. నిజమైన రణరంగమున వారి కంటబడదగినది మాత్రమే అతడు వారికి తెలుపును.

కంప్యూటరు క్రీడలలోను ఈ మార్గమును త్రొక్కినవి లేకపోలేదు. 1996లో వెలువడిన క్లోజ్ కాంబాట్ అను క్రీడలో భటులు భయపడి యాజ్ఞను మీఱుదురు, కొందఱు పాఱిపోదురు. 2000లో వచ్చిన కాంబాట్ మిషన్ అనుదానిలో ఇరువురును ఆజ్ఞలిచ్చిన పిమ్మట, ఒక నిమిషముపాటు ఏమి జరిగినను చేతులు ముడుచుకొని చూడవలసినదే. ఇట్టివానిని మేము మెచ్చుకొందుము. టాంకు ఉక్కులో నొక మిల్లీమీటరు తప్పినను, సేనాని నిస్సహాయత తప్పలేదు.

అయినను, ఎంత మంచి క్రీడయు దాటలేని గోడ యొకటి కలదు. 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి, తెల్లవారినచో 4వ తేదీ యనగా, పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన తీరమునకు సమీపమున మునిగిపోయినది. అది విక్రాంతు నౌకను వేటాడుటకు వచ్చినది. విక్రాంతు అప్పటికే అండమానులకు చేరియుండగా, అది విశాఖకడనే యున్నదను భ్రమను వైస్ అడ్మిరల్ కృష్ణన్ దొంగసందేశములతో కల్పించెను. రాజపుత్ అను మన నౌక విసరిన ప్రేలుడు గుండ్లవలన ఘాజీ మునిగినదని మన ప్రభుత్వము చెప్పును. తాను పరచిన మందుపాతరయే ప్రమాదవశమున ప్రేలినదని పాకిస్తాను చెప్పును. ఆ వివాదము నేటికిని తీఱలేదు. అందలి 90 మందికి పైబడిన నావికులలో సాక్ష్యము చెప్పుట కొక్కడును మిగులలేదు. కాని కంప్యూటరునకు సందేహము పొసగదు. ఏ గుండు ఎచట తగిలెనో అది తేల్చి తీరవలెను. 2017లో వచ్చిన ఘాజీ చలనచిత్రము మన జలాంతర్గామియే దానిని ముంచినట్లు చూపెను. అది రెండు ప్రభుత్వములలో ఏదియు చెప్పని కథ. సముద్రతీరమున ప్రదర్శనశాలగా నిలిపిన కురుసుర జలాంతర్గామిని చూడవచ్చిన బాలురు, ఘాజీని ముంచినది ఇదియేనా యని యడుగుట మేము చెవులార వింటిమి. తెరపై చూచినది స్మృతిగా మాఱుట కెంతో కాలము పట్టదు.

ఇంకొక లోపము ఇంతకంటె పెద్దది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారి విమానములు మన రేవుపై బాంబులు వైచినవి. యుద్ధక్రీడలో అది చిన్న ఘట్టము. కాని ఆ దినమున పట్టణము పట్టణమే కదలి, మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని పల్లెలదారి పట్టినది. ఆ నడక యే యాటలోను అంకెగా కనబడదు. సేనానికి తెలియనిది క్రీడలో కొంత చూపవచ్చును. యుద్ధము కోరక యుద్ధమున చిక్కినవాని దుఃఖమును లెక్కలో చేర్చు క్రీడలు మిక్కిలి యరుదు.

కనుక తల్లిదండ్రులు ఈ యాటలను నిషేధింపవలెనని మేము చెప్పము. నిషేధము రుచిని పెంచును. మా సూచన యొకటే. పాఠశాలలలో చరిత్రోపాధ్యాయులు 1804 నాటి మన రేవు యుద్ధమును కాగితముపై ఆడింపవలెను. దీనికి కంప్యూటరైనను అక్కఱలేదు. రెండు గదులు, రెండు పటములు, నడుమ నొక మధ్యస్థుడు చాలును. ఫ్రెంచివారి పటమున తీరపు లోతు వ్రాయరాదు. రానున్న యాంగ్లనౌకలు కలవో లేవో ఎవ్వరికిని చెప్పరాదు. మూడవగుంపు పిల్లలను పట్టణపు జనులుగా నుంచి, ప్రతి గడియకు వారేమి చూచిరో, ఎచటికి పోదలచిరో వ్రాయింపవలెను. ఆట ముగిసిన పిమ్మట గెలుపోటములు ప్రకటింపక, నీకు తెలియనిదేమి, తెలియకయే యేమి చేసితివి, దానివలన నెవరు నష్టపోయిరి యని యడుగవలెను. అట్లు ఆడిన బాలుడు ఇంటికి పోయి కంప్యూటరు ముందు కూర్చుండినపుడు, ఈ తెర నాకు ఇన్ని సంగతులు ఎట్లు చెప్పుచున్నదని యొకమారైన సందేహించును. ఆ సందేహముతో పుస్తకము విప్పినచో, ఉపాధ్యాయుని శ్రమ ఫలించినట్లే.