తాతా, తినీసినావా?

మా ఊరి కబురొకటి చెబుతాను, కాస్త కూర్చోండి. విశాఖ అనగానే మీకు బీచ్, ఉక్కు గుర్తొస్తాయేమో. నాకైతే పొద్దున్నే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) గోడవార చోడంబలి (రాగి అంబలి) బండి దగ్గర వినబడే మాట గుర్తొస్తుంది: "తాతా, తినీసినావా?"

బండి నడిపే ఆవిడకు ఆ తాత బంధువేం కాదు. రాత్రిళ్లు ఆ గోడ పక్కనే పడుకుంటాడు. చేతిసంచీ, ఒక దుప్పటి, అంతే ఆయన ఆస్తి. రోజూ మొదట ఆయన గ్లాసే నిండుతుంది. పక్కన ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ పెట్టి, "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతుందావిడ. నాకు నచ్చింది ఆ ప్రశ్నే. ఊరికే పెడుతున్నాం, ఎలా ఉన్నా తాగుతాడులే అనుకోవచ్చు కదా! డబ్బిచ్చే బేరాన్ని ఎలా అడుగుతుందో ఆయన్నీ అలాగే అడుగుతుంది. ఒకసారి ఆయన "పల్చగుందమ్మా" అన్నాడు. ఆవిడ ఏమీ అనుకోకుండా కుండ అడుగునుంచి గరిటె తిప్పి, గ్లాసు మళ్లీ నింపింది. ఆ రోజంతా నాకు ఏదో పండగలా గడిచింది.

కేజీహెచ్ 1923 నాటిది. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం, అటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రోగులొస్తారు. రోగికి మంచం దొరుకుతుంది, వెంట వచ్చినవాళ్లకు చెట్టునీడే దిక్కు. ఇల్లు లేనివాళ్లూ, ఇల్లు దూరమైనవాళ్లూ ఒకే గోడకు చేరగిలబడి ఉంటారు. వాళ్లలో ఎవరు ఎవరో అడక్కుండానే టీ కొట్టువాళ్లు వేడినీళ్లు పోస్తుంటారు.

ఈ ఊరికి ఈ గుణం ఎలా అబ్బిందంటారా? నా మట్టుకు నాకు తోచేది ఇది. ఇక్కడ చాలామంది ఎక్కడినుంచో వచ్చినవాళ్లే. 1933లో హార్బరు తెరిచారు, తర్వాత షిప్‌యార్డు, నేవీ, ఉక్కు. ట్రంకు పెట్టెతో స్టేషన్లో దిగి, రాత్రికి ఎక్కడ పడుకోవాలో తెలియని తాత చాలా కుటుంబాల్లో ఉన్నాడు. ఇక ఉక్కునగరమా, ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి రైతులిచ్చిన నేల మీద నిలబడింది. తలదాచుకోను చోటు లేకపోవడమంటే ఏమిటో ఇక్కడ ఒకరు చెప్పక్కర్లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి రేకులు ఎగరగొట్టినప్పుడు, ఇళ్లున్నవాళ్లూ వీధిలోనే నిలబడ్డారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు, రోడ్డు మీద పడిపోయిన ముక్కూమొహం తెలియని మనుషుల్ని జనం భుజాన వేసుకుని పరిగెత్తారు. అంత పెద్ద ఆపదలో బయటపడే మంచితనాన్ని అందరం చూస్తాం. నేను చెబుతున్నది ఏ ఆపదా లేని మంగళవారం నాటి మంచితనం గురించి.

ప్రభుత్వం పెట్టిన అన్న క్యాంటీన్ దగ్గరికి వెళ్లి చూడండి. ఈ క్యాంటీన్లు 2018లో మొదలై, 2019లో మూతబడి, 2024లో మళ్లీ తెరుచుకున్నాయి. భోజనం ఐదు రూపాయలు. ఆ ఐదూ లేనివాళ్లు వరసకు కాస్త ఎడంగా నిలబడతారు. ఆటో అబ్బాయి ఒకడు "రెండు" అని టోకెన్లు తీసుకుని, ఒకటి పక్కాయన చేతిలో పెట్టి, అతని మొహం కూడా చూడకుండా వెళ్లి తింటాడు. చూస్తే ఆయన సిగ్గుపడతాడని! పొట్లం ఇస్తూ ఫోటో తీసుకునేవాళ్లను కూడా నేను చూశాను. ఆ ఫోటో మాత్రం వద్దు. ఒకప్పుడు లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్లకూ వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారు వచ్చినవాడి ఆకలినే చూశారు.

అంబలి పగటి ఆకలి తీరుస్తుంది. రాత్రి వాన మాటేమిటి? పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకూ ఇల్లు లేనివాళ్ల కోసం కనీసం ఒక ఆశ్రయం ఉండాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 2011 లెక్కల్లోనే విశాఖ జనాభా 17 లక్షలు దాటింది. అంటే 17 ఆశ్రయాలకు తక్కువ కాకూడదు. మీ వార్డు ఆఫీసుకు ఏదో పనిమీద వెళ్తారు కదా, మనకు దగ్గర్లో ఉన్న ఆశ్రయం ఎక్కడో, అందులో మంచాలెన్నో అడిగి రండి. వానాకాలం రాకముందే అడగండి.