ముగ్గులో వస్తువెక్కడ?

సంక్రాంతికి మైదుకూరు వీథుల్లో జరిగే ముగ్గుల పోటీని చిత్రకళా ప్రదర్శన అని ఎవరూ అనరు. అనకపోవడానికి నాకు కారణం కనిపించదు. దామెర్ల రామారావు చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేర వెలసిన చిత్రశాలలో భద్రంగా వున్నవి. చూడాలంటే మనం వెళ్లాలి. మా వూళ్లో బహుమతి పొందిన చిత్రం మర్నాటికి చీపురు కింద పోతుంది. కాని ఆ ఒక్కరోజూ దాన్ని వీథిన నడిచే ప్రతి మనిషీ చూస్తాడు.

కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి కనుక ఒక ఏడు నన్ను ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకణ్ణి చేశారు. మొదటి బహుమతి రంగుల చిత్రానికి వచ్చింది. ఎడ్లబండి, ధాన్యపు రాశి, వెనక సూర్యోదయం. వేసిన అమ్మాయి చెయ్యి మంచిది. రంగు ఎక్కడా గీత దాటలేదు. అయితే ఆ యింట ఎడ్లు లేవు. దుక్కికి ట్రాక్టరును బాడుగకు పిలుస్తారు. ఆ బొమ్మ వాళ్ల చేలోంచి కాక గ్రీటింగుకార్డులోంచి వచ్చింది.

పక్క వాకిట్లో ఒకామె తెల్లపిండితో మెలికముగ్గు వేసింది. నాలుగిళ్ల వాకిళ్లు చిమ్మి, కళ్లాపి చల్లి నెలజీతం తీసుకొనే మనిషి. అడిగితే, "పదైదు చుక్కలు సార్, సందుచుక్క, ఎనిమిది దాంక" అన్నది. చేతిలో కాగితం లేదు. నేను లెక్క కట్టుకొంటే మొత్తం 169 చుక్కలు. పోటీ పట్టీలో మాత్రం ఆ యింటి యజమానురాలి పేరు వుంది. నేను దానికే మార్కులు వేశాను; తక్కిన యిద్దరూ రంగులవైపు మొగ్గారు.

కళలో వస్తువేదని మనం అడుగుతాం. అడగవలసిందే. బండి బొమ్మలో వస్తువు వున్నది, జీవితం లేదు. చుక్కల్లో వస్తువు లేదని తోసివేద్దామా? 1970లలో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమనీ తమిళ స్త్రీల కోలాలను గణితశాస్త్ర దృష్టితో పరిశీలించాడు. పండితుడు పరిశోధన చేయదగినంత జ్ఞానం ఆ వేళ్లలో వున్నది. తల్లి వేస్తుంటే చూసి కూతురు నేర్చిన ఆ జ్ఞానమూ, తెల్లవారకముందు వంగిన ఆ నడుమూ, ఆ ముగ్గుకు వస్తువు.

మా సీమలోని మంగంపేట ముగ్గురాయి గనులు ప్రపంచ ప్రసిద్ధమైనవి. నీటికంటె నాలుగు రెట్లకు పైగా బరువైన ఆ రాతిపొడి, చమురు బావులు తవ్వేచోట లోపలి ఒత్తిడిని అణచడానికి ఓడలెక్కి పోతుంది. దానికి తూకం వుంది, ధర వుంది. పేరు మాత్రం యీ వాకిళ్లలోనిదే.

మా న్యాయనిర్ణేతల కాగితంలో రంగులకు ఒక గడి, శుభ్రతకు ఒక గడి వున్నవి. మరి రెండు గడులు గీయమని నిర్వాహకులను అడిగాను: ఒకటి చుక్కల లెక్కకు, ఒకటి ముగ్గు వేసిన మనిషి పేరుకు. మొదటిదానికి వెంటనే ఒప్పుకొన్నారు. రెండవది ఆలోచిస్తామన్నారు.