చీకటి రాజు తిరిగి వచ్చిన వేళ

బాల్యంలో తనను భయపెట్టిన దానిని మనిషి పెద్దవాడైన పిదప మరల చూడబోవుట మంచిది కాదేమో! భయం పోయినందుకు సంతోషం కలుగవలసిన చోట, ఏదో పోగొట్టుకొన్న వెలితి మిగులుతుంది. 2020వ సంవత్సరం ఏప్రిల్ మాసంలో నాకు అటువంటి అనుభవమే కలిగినది. విద్యార్థి మిత్రులతో దానిని పంచుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1997లో దూరదర్శన్‌లో 'శక్తిమాన్' ధారావాహిక ప్రారంభమైన నాటికి మేము గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవారము. మా ఇంట టెలివిజన్ లేదు. ప్రక్క క్వార్టరులోని చాచా ఇంట నలుపు తెలుపుల పెట్టె ఒకటి ఉండేది. ఆదివారం వచ్చినదంటే వరుసలోని పిల్లలమందరం అక్కడ చేరేవారము. యోగశక్తిని, విజ్ఞాన కల్పనను కలిపి అల్లిన కథ అది. నాయకుడు ముఖేష్ ఖన్నా గిరగిర తిరుగుతూ రాగానే అందరూ చప్పట్లు చరిచేవారు. నేను మాత్రం ప్రతినాయకుని కొరకు, ఊపిరి బిగబట్టి, ఎదురుచూచేవాడిని.

వాని పేరు తమ్‌రాజ్ కిల్విష్. తమస్సు అంటే చీకటి, కిల్బిషం అంటే పాపం అని పిమ్మట తెలుగు చదువుకొన్నప్పుడు గాని నాకు తెలియలేదు. డాక్టర్ జైకాల్ వంటి శాస్త్రజ్ఞుడు సైతం వానికి దాసుడే. 'అంధేరా కాయమ్ రహే' అని వాడు గర్జించినప్పుడల్లా, కాయమంటే శరీరం కనుక, చీకటికి ఒక శరీరం వచ్చినదని నేను వణికిపోయేవాడిని. చాచా నవ్వి, "గా కాయం కాదు బేటా, ఖాయం. మీరు పెండ్లి ఖాయమైందంటరు గద, గదే మాట. చీకటి ఎప్పటికీ నిలవాలని వాని ఆశ" అని విప్పి చెప్పినాడు. అర్థం తెలిసిన తరువాత నా భయం రెట్టింపైనది.

దానికి కారణం లేకపోలేదు. మా తండ్రిగారు, చాచా ఒకే భూగర్భ గనిలో, ఒకే షిఫ్టులో పనిచేసేవారు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన ఆదివారాలలో తండ్రిగారు మధ్యాహ్నం వేళ నిద్రించేవారు. ఎంత కడిగినా పోని బొగ్గు నలుపు ఆయన కనురెప్పల అంచున కాటుకవలె ఉండేది. చీకటి రాజు నివాసం ఆ గనిలోనేనని నా నమ్మకం. ఒకనాడు ఉండబట్టలేక, "బాపూ, బాయిల కిల్విష్ ఉంటడా?" అని అడిగినాను. బొగ్గుగనిని మా వైపు బాయి అనే అంటారు.

ఆయన నవ్వలేదు. "బాయిల చీకటి ఒర్రదు కొడుకా. ఒర్రితే మంచిగనే ఉండు, ముందుగాలనే బయటపడుదుం" అన్నారు. గని పైకప్పును కర్రతో తట్టి చూస్తారట. ఖంగుమంటే గట్టిదని, బోలుగా మ్రోగితే దిగజారవచ్చునని తెలుసుకొంటారట. దీపపు జ్వాలను తగ్గించి చూచినప్పుడు దానిపై లేత నీలి వెలుగు టోపీవలె నిలిస్తే, అక్కడ మండే వాయువు ఉన్నట్లట. ఆ చీకటి తానై మాట్లాడదు, మనమే అడిగి తెలుసుకోవాలి. ఆనాడు నాకు ఈ మాటలు రుచించలేదు.

2005లో ఆ ధారావాహిక ముగిసినది. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనది. ఇండ్లలో చిక్కుకొన్న ప్రజల కొరకు దూరదర్శన్ పాత ధారావాహికలను మరల ప్రసారం చేసినది. ఏప్రిల్ 1 నుండి శక్తిమాన్ వస్తున్నదని వినగానే నా మనస్సు ఉరకలు వేసినది. ఉద్యోగ విరమణ చేసిన తండ్రిగారిని ఒక ప్రక్కన, నా కుమారుని మరొక ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కొత్త రంగుల టెలివిజన్ ముందు కాచుకొన్నాను.

కిల్విష్ వచ్చినాడు. అదే నవ్వు, అదే గర్జన. కాని వేషంలోని అట్టముక్కల తళుకు, తెచ్చిపెట్టుకొన్న పొగ, అన్నీ స్పష్టంగా కనిపించినవి. పాత పెట్టెలో సగం చీకటిని మా వంకర యాంటెన్నాయే పుట్టించేదని అప్పుడు తెలిసినది! పైగా ఆ దినములలోనే మరొక దూరదర్శన్ ఛానల్‌లో పాత మహాభారతం మరల వస్తున్నది. కిల్విష్ వేషధారి సురేంద్ర పాల్ అందులో ద్రోణుడు, ముఖేష్ ఖన్నా భీష్ముడు. ఇక వారి వైరాన్ని చూచి వణకడం ఎట్లా? "డాడీ, నువ్వు భయపడ్డది వీనికేనా?" అని నా కుమారుడు లేచి వెళ్ళిపోయినాడు. నాకు చిన్నతనమైనది.

తండ్రిగారు మాత్రం చివరి వరకు చూచినారు. "ఇంత ఒర్రెటోనితోని భయమేంది?" అని మెల్లగా అన్నారు. కిటికీ అవతల వీధి నిర్మానుష్యంగా ఉన్నది. అక్కడ నవ్వు లేదు, గర్జన లేదు. కంటికి కానరాని వ్యాధి ఎవరి గుమ్మంలో ఉన్నదో చెప్పగలవారు లేరు. ఆయన పాత మాట నాకు అప్పుడు రుచించినది.

ఆ సాయంత్రం నుండి తండ్రిగారు కుమారుని వద్ద ఉంటున్న చాచాకు ప్రతిదినం ఫోను చేయసాగినారు. "ఊపిరి మంచిగ ఆడుతున్నదా భాయ్?" అని అడిగి, జవాబుకన్న ఆ గొంతును శ్రద్ధగా ఆలకించేవారు. ఒకనాడు గని కప్పును తట్టి విన్నట్లే! 2021 మే మాసంలో ఒకనాడు చాచా గొంతు బోలుగా వినిపించినదని తండ్రిగారు భోజనం ముట్టలేదు. రాత్రికి రాత్రి ఫోను చేసి, "నాయినను దవాఖానకు తీస్కపో" అని చాచా కుమారుని తొందరపెట్టినారు. మూడు వారాల తరువాత చాచా ఇల్లు చేరినాడు.

కిల్విష్ తిరిగి వచ్చి నన్ను నిరాశపరచిన మాట నిజమే. అరచి వచ్చే చెడును గుర్తించడానికి పిల్లలు చాలు. అరవని దానిని గుర్తించడానికి ప్రతిదినం తట్టి వినే మనుషులు కావాలి. మిత్రులారా, మీ ప్రక్క ఇంటి తలుపు తట్టి ఎన్ని దినములైనది?