లెక్క సరిపోయే కథ

స్టీఫెన్ కింగ్ మొదటి నవల ‘క్యారీ’ 1974లో వచ్చింది. బళ్ళో తోటిపిల్లలు అదేపనిగా ఏడిపించే ఒక అమ్మాయికి, వస్తువుల్ని మనసుతోనే కదిలించే శక్తి ఉంటుంది. స్కూల్ డాన్సు రాత్రి అందరి ముందూ ఘోరంగా అవమానిస్తారు. ఇక ఆ శక్తితో బడి మీదా, ఊరి మీదా విరుచుకుపడుతుంది. బీటెక్ రోజుల్లో ఆ పేజీలు చదువుతుంటే నా లోపల ఎవరో ఈల వేశారు. ‘శివ’లో నాగార్జున సైకిల్ చైన్ లాగినప్పుడు హాల్లో పడే ఈలే అది. దెబ్బ తిన్నవాడు లేచాడు, తిరిగి కొట్టాడు, లెక్క సరిపోయింది.

కాకపోతే నవల నెమ్మదిగా చదివితే, ఆ రాత్రి ఊళ్ళో చచ్చిపోయినవాళ్ళలో చాలామంది ఆ అమ్మాయిని ఎప్పుడూ ఏమీ అననివాళ్ళు. ఈల వేసేటప్పుడు వాళ్ళు మన కంటికి ఆనరు.

నిజం స్కూళ్ళకి వస్తే ఈ కథ ఇంకా ఇబ్బంది పెడుతుంది. 1999 ఏప్రిల్ 20న అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు పన్నెండుమంది తోటిపిల్లల్నీ, ఒక టీచర్నీ కాల్చి చంపి, తమని తాము కాల్చుకున్నారు. ప్రపంచానికి వెంటనే చేరిన కథ ఇది: ఎవరూ కలుపుకోని ఇద్దరు కుర్రాళ్ళు, తమని ఏడిపించిన ఆటగాళ్ళ మీద పగ తీర్చుకున్నారు. రెండు వాక్యాల్లో చెప్పేయొచ్చు. మా ఆఫీసులో సర్వర్ పడిపోయాక ‘రూట్ కాజ్’ ఒక్క ముక్కలో రాసిస్తే మీటింగ్ తొందరగా అయిపోతుంది. ఇదీ అలాంటిదే.

డేవ్ కల్లెన్ ఏళ్ళ తరబడి పరిశోధించి 2009లో ‘కొలంబైన్’ అనే పుస్తకం తెచ్చాడు. అందులో ఈ కథ ఒక్కో ముడీ విడిపోతుంది. వాళ్ళ అసలు పథకం బాంబులు. మధ్యాహ్నం భోజనాల వేళకి క్యాఫెటీరియాలో రెండు పెద్ద ప్రొపేన్ బాంబులు పెట్టారు. అవి పేలలేదు. పేలుంటే చచ్చేది ఎవరు? ఆ పూట అన్నానికి వచ్చిన ప్రతివాడూ. పగ తీర్చుకునేవాడికి పేర్లుంటాయి, మొహాలుంటాయి. క్యాఫెటీరియాలో పెట్టిన బాంబుకి మొహాలతో పనిలేదు.

అలాగని బుల్లీయింగ్‌కీ దీనికీ సంబంధమే లేదని తోసెయ్యలేం. ఆ బళ్ళో పిల్లల మధ్య వేధింపులు మామూలేనని అక్కడ చదివినవాళ్ళే చెప్పారు. 2002లో అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి ఒక నివేదిక ఇచ్చాయి. 1974 నుంచి 2000 దాకా జరిగిన 37 స్కూలు దాడులు, వాటికి పాల్పడిన 41 మంది గురించి. వాళ్ళలో 71 శాతం మంది దాడికి ముందు వేధింపులకో, బెదిరింపులకో గురైనవాళ్ళు, లేదా అలా జరుగుతోందని నమ్మినవాళ్ళు. 61 శాతం మందికి ప్రతీకారం ఒక ఉద్దేశం.

71 అనగానే మనం లెక్క తలకిందులు చేసేస్తాం. దాడి చేసినవాళ్ళలో దెబ్బ తిన్నవాళ్ళు ఎంతమంది అన్నది ఒక ప్రశ్న. దెబ్బ తిన్నవాళ్ళలో దాడి చేసేవాళ్ళు ఎంతమంది అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి జవాబు దాదాపు సున్నా. ఏడిపించడానికి ఒకణ్ణి ఎంచుకోని క్లాసు ఏ దేశంలో ఉంటుంది? ఆ పిల్లల్లో చాలామంది నోరు మూసుకుని పెద్దవాళ్ళైపోతారు. కొందరు తమకి తామే హాని చేసుకుంటారు.

ఇది నాకు పుస్తకాల్లోంచి మాత్రమే తెలిసిన సంగతి కాదు. ఇంటర్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నాను. నాకు నత్తి. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ సర్’లో ‘ప్ర’ దగ్గర ఆగిపోయేవాణ్ణి. వెనక బెంచీల్లోంచి అరడజను గొంతులు ‘ప్ర... ప్ర... ప్ర...’ అని అందుకునేవి. మెస్‌లో, బాత్‌రూముల దగ్గర, స్టడీ అవర్‌లో అదే పాట. రఫ్ నోట్‌బుక్ చివరి పేజీలో ఆరు పేర్లు రాసుకున్నాను. ఒక్కో పేరు ఎదురుగా ఏం చెయ్యాలో కూడా రాశాను. అవి ఇక్కడ చెప్పను.

ఒకరోజు లెక్కల కోసం ఆ పుస్తకం తీసుకున్న రూమ్మేట్ చివరి పేజీ చూశాడు. “ఏంట్రా ఇది?” అన్నాడు. “ఏం లేదు” అన్నాను. వాడు నవ్వలేదు, ఎవరికీ చూపించలేదు. ఆ సాయంత్రం వెళ్ళి మ్యాథ్స్ సార్‌తో మాట్లాడాడు. మర్నాటి నుంచి సార్, “పేరు పిలిస్తే చెయ్యెత్తండి చాలు, టైం వేస్టవుతోంది” అన్నారు. ఎవరినీ తిట్టలేదు, నా వైపు చూడనైనా లేదు. ఆ ఆరుగురూ మారిపోలేదు, క్షమాపణలూ రాలేదు. లెక్క సరిపోలేదు. కానీ రోజుకి ఆరుసార్లు వచ్చే గండం తప్పింది. ఆ చివరి పేజీకి నేను కొత్తగా రాసిందేమీ లేదు.

అందుకే ఆ నివేదికలో నన్ను ఆపేసిన అంకె వేరేది. 81 శాతం దాడుల్లో, వాడి మనసులో ఏముందో ముందుగానే కనీసం ఒక్కరికైనా తెలుసు. కొలంబైన్‌లోనూ తెలుసు. ఆ ఇద్దరిలో ఒకడు తన వెబ్‌సైట్లో పెట్టిన బెదిరింపుల గురించి ఒక కుటుంబం 1998లోనే షెరీఫ్ ఆఫీసుకి ఫిర్యాదు చేసింది. ఇల్లు సోదా చెయ్యడానికి కాగితం కూడా తయారైంది. అది జడ్జి దగ్గరికి వెళ్ళలేదు.

పగ కథ నచ్చడానికి ఇదీ ఒక కారణం అనుకుంటాను. అందులో ఇద్దరే ఉంటారు, కొట్టినవాడూ, తిరిగి కొట్టినవాడూ. చివరి పేజీ చూసినవాడికి, ఫిర్యాదు విన్నవాడికి అందులో పాత్ర లేదు. పైగా ఆ కథ ఏడిపించబడే పిల్లవాడికి ఇంకో అన్యాయం చేస్తుంది. వాణ్ణి రేపటి హంతకుడన్నట్టు చూడమంటుంది. ‘వాణ్ణి ఏడిపించకండి, తుపాకీ తెస్తాడు’ అని చెప్పే బడి వాడి మీద జాలి చూపడం లేదు, వాడికి భయపడుతోంది. తుపాకీ ఎప్పటికీ ముట్టుకోని పిల్లవాడి సంగతేంటి మరి? వాడే కదా ఎక్కువమంది. వాడు ఎవరికీ ఏ హానీ చెయ్యడని రాసిచ్చినా సరే, ‘ప్ర’ దగ్గర వాడు ఆగినప్పుడు ఆ క్లాసు కాసేపు ఊరుకోవాలి.