సిస్టమ్ మార్చే వేళ

"బాబాయ్, సిస్టమ్ మరీ స్లో అయిపోయింది. కొత్తది కొనేద్దామా?" మా బంధువుల్లో ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. దానికి నేను వేసే ఎదురు ప్రశ్న ఒక్కటే: ఏ పని చేస్తుంటే ఆగుతోంది?

ఒకప్పుడు ఇంత ఆరా అక్కర్లేదు. చిప్‌లో పట్టే ట్రాన్సిస్టర్లు ఏటా రెట్టింపవుతాయని 1965లో గోర్డన్ మూర్ అంచనా వేశారు. 1975లో దాన్ని రెండేళ్లకోసారి అని సవరించారు. 1993లో వచ్చిన తొలి పెంటియం వేగం 60, 66 మెగాహెర్ట్జ్. 2000 మార్చికల్లా ఏఎండీ, ఇంటెల్ రెండూ 1 గిగాహెర్ట్జ్ చిప్‌లు తెచ్చేశాయి. ఆ రోజుల్లో "ఆర్నెల్లు ఆగు, ఇదే ధరకి ఇంకా మంచిది వస్తుంది" అన్నవాళ్ల మాట అక్షరాలా నిజం. కానీ 2004లో పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. ప్రకటించిన 4 గిగాహెర్ట్జ్ చిప్‌ను ఆ ఏడాదే ఇంటెల్ విరమించుకుంది. వేగం పెంచిన కొద్దీ పుట్టే వేడిని తట్టుకోవడం కష్టమైంది. అప్పటి నుంచి కంపెనీలు కోర్ల సంఖ్య పెంచుతూ వచ్చాయి. ఉత్తరం టైప్ చేసుకునే మనిషికి ఎనిమిది కోర్లతో పనేముంది?

అందుకే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కించి టాస్క్ మేనేజర్ తెరిపిస్తాను. పాత సిస్టమ్‌లలో చాలాసార్లు ప్రాసెసర్ తీరిగ్గానే ఉంటుంది. డిస్క్ మాత్రం నూటికి నూరు శాతం చూపిస్తుంటుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో పళ్లెం ఒక్క చుట్టు తిరగడానికి 8 మిల్లీసెకన్లు పైనే పడుతుంది. విండోస్ మొదలవ్వాలంటే వేల చిన్న ఫైళ్లు చదవాలి. ప్రతిదానికీ డిస్క్ మీది ముల్లు అటూ ఇటూ పరుగెత్తాల్సిందే. దాని బదులు పెట్టుకునే ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ పక్క తలుపు స్క్రూలు విప్పి, లోపలి దుమ్ము దులిపి, సన్నటి డేటా కేబుల్ ఒకటి, పవర్ కేబుల్ ఒకటి తగిలిస్తే బిగింపు అయిపోయినట్టే. ఆ తర్వాత విండోస్‌ని అందులోకి మార్చుకోవడమే. కాఫీ తాగి వచ్చేదాకా తెరుచుకోని యంత్రం అర నిమిషంలో సిద్ధమవుతుంటే, ఇది మన పాతదేనా అనిపిస్తుంది. ఇంత చిన్న ఖర్చుతో ఇంత మార్పు తెచ్చే భాగం మరొకటి నేను చూడలేదు.

ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేసుకోవడం తర్వాతి మెట్టు. ఇక్కడే ఒక హద్దు ఎదురవుతుంది. డీడీఆర్3 బోర్డులో డీడీఆర్4 ర్యామ్ కూర్చోదు, గాటు వేరే చోట ఉంటుంది. ర్యామ్ కోసం బోర్డు, బోర్డు కోసం ప్రాసెసర్ మార్చాల్సి వచ్చిందంటే ఇక మరమ్మతు ఆలోచన మానేసి కొత్తది చూసుకోవాలి.

నాకు కోపం తెప్పించే హద్దు వేరే ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ముగిసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే పనికొస్తుంది. నిక్షేపంగా నడుస్తున్న యంత్రాన్ని కాగితం మీద ముసలిదాన్ని చేయడం అన్యాయం. అయినా భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టమ్‌లో బ్యాంకు లావాదేవీలు చేయమని ఎవరికీ చెప్పను. పిల్లల చదువుకైతే అందులో లైనక్స్ మింట్ వేసిస్తాను, హాయిగా నడుస్తుంది.

ధర తగ్గేదాకా ఆగుదామనే లెక్క కూడా ఇప్పుడు నమ్మదగ్గది కాదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఎదురుచూసినవాళ్లే ఎక్కువ పెట్టి కొన్నారు.

పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే కుర్రాళ్ల సంగతి వేరు. 4కే ఫుటేజీ టైమ్‌లైన్ మీద జరుపుతుంటే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. రెండర్ పెట్టి పడుకుంటే తెల్లారినా పూర్తి కాదు, పెళ్లివారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటారు. అక్కడ గంట ఆలస్యమైతే గంట కూలి పోయినట్టే. వాళ్లు మంచి గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్‌తో కొత్త సిస్టమ్ తీసుకోవాలి. అదీ వచ్చే మోడల్ కోసం చూడకుండా, మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపే.